అత్తయ్య మొక్కు, నా మాత్రలు

ముప్ఫై ఒకటి, ముప్ఫై రెండు, ఇక్కడ మెట్టు అంచు విరిగింది, దీన్ని లెక్కలో వేసుకోవాలా వద్దా, వేసుకుందాం, విరిగినా మెట్టు మెట్టే, ముప్ఫై మూడు. అత్తయ్య చెప్పులు కిందే వదిలేసింది, ఆవిడ వదిలాక నేనెలా వేసుకుంటాను, నేనూ వదిలాను, ఫిబ్రవరి మొదటి వారం కాబట్టి సరిపోయింది, ఎనిమిదిన్నరకి రాయి ఇంకా చల్లగానే ఉంది. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, పామర్రులో ఇంటి అరుగు దిగడానికి కూడా అమ్మో అయ్యో అని మూలిగే మనిషి, గుణదల కొండ అనేసరికి నాకన్నా ఆరు మెట్లు ముందుంటుంది, ఒక చేతిలో జపమాల, ఇంకో చేతిలో కొబ్బరికాయ సంచి. నా భుజాన హ్యాండ్‌బ్యాగు. అందులో రెండు ఉన్నాయి. ఒకటి మాత్రల షీటు, పదిలో నాలుగు అయిపోయి ఆరు మిగిలినది. రెండోది పాత జాకెట్టు గుడ్డతో నేను కుట్టుకున్న చిన్న సంచి. ఈ రెంటిలో ఒకటి మేరీమాత పాదాల దగ్గర పెట్టి ఈ కొండ దిగాలి. అత్తయ్యకి తెలిసింది మొదటిదొక్కటే.

మొక్కు ఆవిడది, మాత్రలు నావి. అదీ చిక్కు. పోయిన మార్చిలో నేను గోడకేసి తిరిగి పడుకుని, అన్నం కంచం ముందు పెట్టినా కదలని రోజుల్లో ఆవిడ పామర్రులో బస్సెక్కి, మా ఇంటికి కూడా రాకుండా తిన్నగా ఈ కొండకే వచ్చి, "తల్లీ, నా కోడలు మళ్ళీ మనిషిలా తిరిగితే ఆ పాడు బిళ్ళలు నీ కాళ్ళ దగ్గర వదిలేయిస్తాను, ఇంక ముట్టనివ్వను" అని మొక్కుకుంది. నేను మనిషిలా తిరుగుతున్నాను. మనిషిలా తిరగడమేమిటి, పోయిన క్రిస్మస్‌కి మా వీధిలో పాటల బృందంలో ముందు నిలబడి పాడాను, మొన్న కూరగాయలవాడితో దోసకాయల గురించి పావుగంట పోట్లాడాను. అంతకన్నా ఆరోగ్యం ఏం కావాలి? కాబట్టి మొక్కు తీర్చే వేళయింది, తిరునాళ్ళ జనం పడకముందే వెళ్దామని నిన్న సాయంత్రం వచ్చి కూర్చుంది. నేను సరేనన్నాను. వెంటనే సరేనన్నానని మా ఆయన కృపానందం గారు నా వైపు వింతగా చూశారు. ఆయన కరెంటు ఆఫీసులో లైన్‌మన్, ఏ తీగలో సరఫరా ఉందో ఏ తీగలో లేదో చూడగానే కనిపెట్టాలనుకునే మనిషి, నా విషయంలో మాత్రం ఎప్పుడూ తడుముకుంటారు.

నలభై ఏడు, నలభై ఎనిమిది. కింద రైలు కూత. రైలు గొంతు నాకు పడదు, నాది బస్సుల గొంతు. ప్రయాణికులకు గమనిక, పామర్రు మీదుగా మచిలీపట్నం వెళ్ళు బస్సు పదకొండవ నంబరు ప్లాట్‌ఫారం నందు సిద్ధముగా నున్నది. పదమూడేళ్ళుగా ఇదే నా ఉద్యోగం, బస్టాండులో అద్దాల గదిలో కూర్చుని మైకులో ఊళ్ళ పేర్లు చెప్పడం. బయట మనుషులు ఇంత సరళమైన భాష మాట్లాడుకుంటుంటే నేను మాత్రం నందు, నున్నది అంటూ రాజుగారి కొలువులో ఉన్నట్టు మాట్లాడతాను, అందుకు జీతమిస్తారు. నా ముఖం ఎవరికీ తెలియదు, గొంతు జిల్లా అంతటికీ తెలుసు. అలాంటి గొంతు రెండు వేల సంవత్సరం వానాకాలంలో నన్ను మోసం చేసింది. మైకు మీట నొక్కబోతే గుండె దడదడలాడేది. గన్నవరం అనబోయి గుడివాడ అంటానేమో, నా మాట నమ్మి ఎవరో ముసలావిడ తప్పు బస్సెక్కి చీకట్లో తెలియని ఊళ్ళో దిగుతుందేమో అని భయం. చీటీ మీద ఊరి పేరు ఆరుసార్లు చదువుకునేదాన్ని. గుండె డాక్టరు ఈసీజీ తీసి, "అమ్మా, నీ గుండె నా గుండెకన్నా బాగుంది" అన్నాడు. ఆ తర్వాత భయం కూడా పోయి దాని చోట ఏమీ లేకుండా పోయింది. ఒక ఆదివారం కొరమీను పులుసు ముందు కూర్చుని ఏడ్చాను. పులుసు బాగుంది. అందుకే భయమేసింది, ఇంత బాగున్న పులుసు నాకేమీ కాకుండా పోయిందేమిటని.

"ఏమ్మా డయానా, ఆగిపోయావేం? కాళ్ళు లాగుతున్నాయా?" అత్తయ్య పైనుంచి. "వస్తున్నానత్తయ్యా" అన్నాను. నా పేరు ఆవిడకి నోరు తిరగడానికి పెళ్ళయ్యాక రెండేళ్ళు పట్టింది. ఆవిడ పేరు శౌరమ్మ, ఎంత హాయిగా ఉంటుంది ఆ పేరు, పిలిస్తే పలికేట్టు. అరవై రెండు. సూర్యారావుపేటలో డాక్టర్ సంపూర్ణమ్మ గారి గదిలో కుర్చీ మీద కూర్చున్న మొదటి రోజు కూడా ఇలాగే లెక్కపెట్టాను, కిటికీ ఊచలు, తొమ్మిది. సైకియాట్రిస్టు అన్న మాట బోర్డు మీద చదివి, తెలిసినవాళ్ళెవరైనా చూస్తారేమోనని చెంగు తలమీదకి లాక్కున్న డయానా అనే మనిషిని తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, కొంచెం జాలి కూడా. డాక్టరమ్మ ముప్పావుగంట విని, "ఇది జబ్బు. నీ బలహీనత కాదు, నీ పాపమూ కాదు" అంది. ఇంకేమేం మందులు వాడుతున్నావని అడిగింది, దగ్గుమందయినా సరే, ఎవరో ఇచ్చిన ఆకు పసరయినా సరే దాచకు అంది. మా పక్కింటావిడ ఇచ్చిన పొడి సంగతి నసుగుతూ చెప్పాను. "అది పక్కన పెట్టు, ఈ మందుతో పడేదో పడనిదో తెలియకుండా కలపొద్దు" అంది. రోజూ పొద్దున టిఫిన్ తిన్నాక ఒకటి. రెండు మూడు వారాలదాకా గుణం తెలియదు, మొదట్లో కడుపులో తిప్పుతుంది, నోరెండుతుంది, ఓర్చుకో, ఓర్చుకోలేకపోతే ఫోన్ చెయ్యి, చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే ఏ వేళని చూడకుండా వచ్చెయ్యి, అంతేగాని నీ అంతట నువ్వు ఆపకు. వచ్చినప్పుడల్లా ఖాళీ షీట్లు తెచ్చి చూపించు. ఖాళీ షీట్లెందుకో అప్పుడు అర్థం కాలేదు. వేసుకున్నామని అబద్ధం చెప్పేవాళ్ళు ఎక్కువట.

నిజంగానే తిప్పింది. పది రోజులు ఇడ్లీ చూస్తే వికారం. మూడో వారం చివర్లో ఒక పొద్దున, బస్సు కిటికీలోంచి బందరు కాలవ చూస్తుంటే, నీళ్ళ మీద ఎండ పడింది. ఎండ రోజూ పడుతుంది, నాకు ఆ రోజు కనిపించింది. అంతే జరిగింది. ఇంకెవరికైనా చెబితే ఇదేం పెద్ద విశేషమా అంటారు. నాకు విశేషమే. సంక్రాంతి అయ్యేటప్పటికి మైకు ముందు కాలు మీద కాలు వేసుకుని కూర్చుంటున్నాను. అక్కడే తెలివి ఎక్కువైంది. డెబ్భై నాలుగు, డెబ్భై అయిదు.

మా ఇళ్ళల్లో తపస్సు కాలం వచ్చిందంటే ఈస్టరుదాకా నలభై రోజులు ఎవరికి ఇష్టమైంది వాళ్ళు మానెయ్యాలి. మా ఆయన సిగరెట్లు మానేసి, ఈస్టరు పూజ అవుతూనే గుడి వెనక్కి పరుగెత్తుతారు. అత్తయ్య మాంసమూ, అంతకన్నా ప్రాణమైన ఆకువక్కా మానేసి, నలభై రోజులూ అందరి మీదా విసుక్కుంటుంది. పోయినేడు విభూది బుధవారం నాడు నుదుటి మీద బూడిద పెట్టించుకుని వస్తుంటే అత్తయ్య అడిగింది, "నువ్వేం మానేస్తున్నావమ్మా?" "కాఫీ అత్తయ్యా" అన్నాను. అబద్ధం. నేను మానేసింది మాత్ర. ఫాదర్ గారు ప్రసంగంలో అన్నారు కదా, మనకి నొప్పి కలిగించే త్యాగమే త్యాగమని. నాకు అన్నిటికన్నా విలువైనది ఏదని ఆలోచించాను. ఎలాగూ బాగున్నాను, ఇంకెందుకు, దేవుడికిచ్చేస్తే ఆయనే చూసుకుంటాడు. ఇష్టానికీ అవసరానికీ తేడా తెలియని తెలివి. ఫాదర్ గారు మాత్ర మానెయ్యమనలేదు, డాక్టరమ్మ మానెయ్యమనలేదు, దేవుడు అసలే అడగలేదు. పైగా అబద్ధమాడాను కాబట్టి కాఫీ కూడా మానుకోవాల్సి వచ్చింది.

నాలుగో రోజు తల తిప్పితే తలలో చిటుక్కున కరెంటు కొట్టినట్టుండేది. షాకులు మీ శాఖ కదండీ అని మా ఆయనతో వేళాకోళమాడాను, ఎందుకొస్తున్నాయో మాత్రం చెప్పలేదు. కళ్ళు తిరగడం, ఊరికే ఏడుపు, వారం తిరిగేసరికి ఆ పాత భయం తన సామానంతా మోసుకుని ఇంటికొచ్చేసింది. పన్నెండో రోజు సాయంత్రం డ్యూటీలో ఉన్నాను. గుడివాడ బస్సు చెప్పాను. చెప్పి, మీట మీద వేలు తియ్యడం మరిచిపోయాను. "అమ్మా, నా వల్ల కావట్లేదే" అన్నాను. నాలో నేను అనుకున్నాననుకున్నాను. అన్ని ప్లాట్‌ఫారాల మీదా వినిపించింది. నందు లేదు, నున్నది లేదు, మా ఇంటి తెలుగులో, ఏడుపు గొంతుతో. అద్దంలోంచి చూస్తే మూటలు మోస్తున్నవాళ్ళు, ఐస్ అమ్మేవాళ్ళు, చంకలో పిల్లలతో తల్లులు, అందరూ పైకి, మైకు వైపు చూస్తున్నారు. ఎవరూ నవ్వలేదు. ఇన్నాళ్ళయినా అదే నాకు ఆశ్చర్యం, అంతమందిలో ఒక్కరూ నవ్వలేదు. తర్వాత ఇల్లు, మంచం, గోడ. గోడ మీద సున్నం పెచ్చు ఊడిన చోట కుక్కలా కనిపించే మచ్చ. ఆ మచ్చతో వారం రోజులు కాపురం చేశాను.

అత్తయ్య ఇక్కడికొచ్చి మొక్కుకున్న రోజే, అదే మంగళవారమే, మా ఆయన బీరువాలో గుడ్డల కింద ముట్టని మాత్రలు చూశారు. నన్నేమీ అనలేదు. రిక్షా పిలిచారు. డాక్టరమ్మ కూడా తిట్టలేదు, తిట్టినా బాగుండేది. "బాగున్నావని మానేశావు. బాగున్నది దేనివల్లో ఆలోచించలేదు" అంది. మళ్ళీ తక్కువ మోతాదుతో మొదలు, మళ్ళీ ఇడ్లీ అంటే వికారం, మళ్ళీ మూడు వారాలు. "జీవితాంతం వేసుకోవాలా డాక్టరమ్మా?" అని ఏడిచాను. "ఎవరు చెప్పారు? ఏడాది నిలకడగా ఉండు, అప్పుడు చూద్దాం. ఆపే రోజు నేను చెబుతాను. అప్పుడు కూడా కొంచెం కొంచెంగా, వారాల తరబడి తగ్గిస్తూ దిగాలి. గుణదల కొండ ఎక్కావుగా, దిగేటప్పుడు దూకుతావా?" అంది. దూకను. తొంభై ఎనిమిది, తొంభై తొమ్మిది. దూకి చూశాను ఒకసారి, చాలు.

కోడలు లేచి కూర్చుంది, మేరీమాత దయ అని అత్తయ్య అంది. నేను కాదనలేదు. ఎవరి దయ ఎంతో వాటాలు వెయ్యడం నా పని కాదు. డాక్టరమ్మకి ఆ చదువు అబ్బేట్టు చేసిందెవరు అని కూడా అడగొచ్చు కదా. కానీ అదే అత్తయ్య వానాకాలంలో నాతో, "నువ్వు నవ్వుతా తిరుగుతున్నావుగా, నాకూ ఒకటియ్యవే ఆ బిళ్ళ, నిద్ర పట్టి చావట్లేదు" అంది. పాడు బిళ్ళలని మొక్కుకున్న నోటితోనే! "ఇది నా ఒంటికి రాసిచ్చింది అత్తయ్యా, మీకు బీపీ బిళ్ళలున్నాయి, రెండూ పడకపోతే? మీకు నిద్ర పట్టకపోతే మిమ్మల్ని డాక్టరు దగ్గరికి తీసుకెళతాను, నాది మాత్రం ఇవ్వను" అన్నాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఒక్క బిళ్ళకి పీనాసితనమా అనుకుంది. నేను షీటు బీరువాలో పెట్టి తాళం వేశాను.

ఇంత తెలిసీ ఈ కొండ ఎందుకెక్కుతున్నానంటే, ఎలీషా వల్ల. మా ఆయన తమ్ముడు, నేను చూడని మరిది. నాలుగేళ్ళ పిల్లాడికి గుణదలలో గుండు కొట్టిస్తానని అత్తయ్య మొక్కుకుని, నాట్లు అయ్యాక, కోతలయ్యాక, వచ్చే తిరునాళ్ళకి అని జరుపుతూ వచ్చింది. కూలికెళితేగాని పొయ్యి వెలగని రోజులు. ఆ శ్రావణంలో పిల్లాడు జ్వరంతో పోయాడు, గుండు కొట్టించని జుట్టుతోనే. ముప్ఫై నాలుగేళ్ళయింది. తల్లి అలాంటిది కాదత్తయ్యా, పగపట్టదు అని ఎన్నిసార్లు చెప్పినా ఆవిడ తలూపుతుంది, నమ్మదు. ఇప్పుడు ఈ మొక్కు తప్పితే నేను పోతానని ఆవిడ భయం. మొక్కు తీరిస్తే పోతానని నా భయం. ఇద్దరి భయమూ నా గురించే. అది తలచుకుంటే ఆవిడ మీద కోపం తెచ్చుకుందామన్నా రావట్లేదు, ప్రేమే వస్తోంది, ఏం చెయ్యను.

నూట ఇరవై. ఇక్కడ అరుగుంది. "కాసేపు కూర్చోండత్తయ్యా." కూర్చుంది. కింద కాలవ, కాలవ పక్కన ఇళ్ళ మీద ఆరేసిన బట్టలు, దూరంగా పొగమంచులో కృష్ణ ఉందనుకునే చోటు. ప్రయాణికులకు గమనిక. మీట నొక్కానని తెలిసే నొక్కాను ఈసారి.

"అత్తయ్యా, పోయిన తపస్సు కాలంలో నేను కాఫీ మానెయ్యలేదు. అంటే, మానేశాను. అసలు మానేసింది మాత్రలు."

ఆవిడ జపమాల తిప్పుతున్న వేలు ఆగింది. "ఏ బిళ్ళలు?"

"ఇవే. విభూది బుధవారం నుంచి వేసుకోలేదు. అందుకే మంచం పట్టాను. మీరేమో మాత్రల వల్ల అలా అయిపోయాననుకున్నారు. మాత్రలు లేకే అయ్యాను. మీరు మొక్కుకున్న రోజే మీ అబ్బాయి నన్ను డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళారు. ఆ రోజు నుంచి మళ్ళీ వేసుకుంటున్నాను."

"వాడికి తెలుసా?"

"తెలుసు. మీకు చెప్పొద్దని నేనే ఒట్టేయించుకున్నాను."

"అయితే నేను ఉత్తపుణ్యానికి ఆ బిళ్ళల్ని తిట్టానంటావు" అంది. "మొక్కేసుకున్నాగా తల్లీ. నోటితో అన్నాగా. ఇప్పుడేం చెయ్యను?" ఆవిడ కళ్ళల్లో ఎలీషా కనిపించాడు, నేను చూడని పిల్లాడు. నేను లేచి చెయ్యి అందించాను. "పైకి రండత్తయ్యా. నేనొకటి తెచ్చాను."

నూట నలభై దాటాక లెక్క తప్పింది, తప్పనీ. మేరీమాత గుహ దగ్గర ఇద్దరు ముగ్గురే ఉన్నారు, కొవ్వొత్తుల మైనం వాసన, కొబ్బరినీళ్ళ తడి. అత్తయ్యని గట్టు మీద కూర్చోబెట్టి, సంచి తీసి తాడు విప్పి ఖాళీ షీట్లు ఆవిడ ఒళ్ళో పోశాను. ముప్ఫై రెండు. డాక్టరమ్మకి చూపించడానికి దాచినవి, చూపించాక కూడా పారెయ్యబుద్ధి కానివి. "మార్చి నుంచి ఇవాళ్టిదాకా వేసుకున్నవి ఇవి. మీరు మళ్ళీ మనిషిని చెయ్యమన్నారు, ఇవి చేశాయి, ఆ తల్లి చేయించింది. వీటిని పెడతాను ఇక్కడ. బ్యాగులో ఉన్న ఆరూ పెట్టలేను. కోప్పడినా సరే పెట్టలేను." ఇంత గట్టిగా ఆవిడతో ఎప్పుడూ మాట్లాడలేదు.

అత్తయ్యకి చదువు రాదు, వేళ్ళతో చూస్తుంది. ఒక్కొక్క షీటూ తీసి, చింపిన గుంటల మీద బొటనవేలు ఆనిస్తూ, బియ్యంలో రాళ్ళేరినట్టు పక్కన పెడుతూ పోయింది. పదో పదకొండో అయ్యాక వేలు ఆగింది.

"ఇందులో ఓ బిళ్ళుందే."

"అవునత్తయ్యా. అక్టోబరులో మా చెల్లెలి ఇంటికెళ్ళిన హడావిడిలో ఆ రోజు మరిచిపోయాను."

"మర్నాడు వేసుకోలా?"

"మర్నాటిది మర్నాడు వేసుకున్నాను. మరిచిపోయింది వదిలెయ్యాలి, రెండూ కలిపి మింగకూడదంది డాక్టరమ్మ. మళ్ళీ వెళ్ళినప్పుడు ఆవిడకీ చూపించాను."

"అంటే ఇది ఎవరికీ అక్కర్లేదు."

"అక్కర్లేదు."

ఆవిడ గోటితో రేకు చింపి మాత్ర అరచేతిలోకి తీసుకుంది. అంత చిన్నది, ముత్యాల చెవిపోగులో పూసంత. లేచింది, మోకాళ్ళు పట్టుకోకుండా. మేరీమాత ముఖంలోకి, ఊళ్ళో తోటి ఆడమనిషితో మాట్లాడినట్టు చూసింది. "తల్లీ, బిళ్ళలు వదిలేయిస్తానన్నాను. ఎన్నో చెప్పలా. ఇదిగో, నా కోడలు వదిలేసిన బిళ్ళ. నా మాట తీరిపోయింది, పిల్లని చల్లగా చూడు" అని, తాళం వేసిన కానుకల పెట్టె చీలికలోంచి లోపల పడేసింది. చిన్న చప్పుడు కూడా రాలేదు. నాకు మాత్రం కళ్ళు నిండిపోయాయి. ఇది పోయినేటి ఏడుపు కాదని నాకు తెలుసు.

కొబ్బరికాయ కొట్టింది. ఖాళీ షీట్లన్నీ ఏరి, సంచిలో పెట్టి, తాడు బిగించి నా చేతికిచ్చింది. "ఇయ్యి ఇక్కడెందుకు చెత్త, నీ దగ్గరే ఉంచుకో." రెండడుగులు వేసి ఆగింది. "ఇవాళ్టిది వేసుకున్నావా?"

"ఉప్మా తిన్నాక వేసుకున్నానత్తయ్యా."

"ఈ తపస్సు కాలానికి కాఫీ మానెయ్యి. నిజంగా."

దిగేటప్పుడు కూడా ఆవిడే ముందు నడిచింది. నాలుగు మెట్లకోసారి ఆగి, వెనక్కి తిరిగి, నా కాళ్ళ వైపు చూసి, "నిదానంగా దిగమ్మా, నిదానంగా" అంది. నాకు తొందరేమీ లేదు.